కిర్బీ ఆటల్లో ముందు ఏది ఆడాలి: నైట్‌మేర్ ఇన్ డ్రీమ్‌ల్యాండా, అమేజింగ్ మిర్రరా?

డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుక్కి 11 ఏళ్లు. ఈ మధ్య మా బావగారు వాడికి ఒక పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే నింటెండో వీడియో గేమ్ మెషీన్) కొనిచ్చారు. దానితో పాటు అందులో పెట్టి ఆడే రెండు కిర్బీ కార్ట్రిడ్జ్‌లు వచ్చాయట. వీడియో కాల్‌లో రెండూ నా ముఖానికి దగ్గరగా పెట్టి, "మామయ్యా, ముందు ఏది ఆడను?" అన్నాడు. ఒకటి నైట్‌మేర్ ఇన్ డ్రీమ్‌ల్యాండ్, రెండోది అమేజింగ్ మిర్రర్. నాకు ఎక్కువ ఇష్టమైనది రెండోది. అయినా వాడికి మొదటిదే చెప్పాను. ఎందుకలా చెప్పానో వాడికి వివరించబోయేలోపే ఫోన్ పెట్టేశాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కిర్బీ అంటే గుండ్రటి గులాబీరంగు ముద్ద. ఎదురొచ్చినవాణ్ని గాలితో సహా లాగేసి గుటుక్కున మింగుతాడు, వాడి విద్య తనకు పట్టుబడుతుంది. నిప్పు కక్కేవాణ్ని మింగితే నిప్పు, కత్తివాణ్ని మింగితే కత్తి. 1992లో గేమ్ బాయ్ మీద వచ్చిన తొలి కిర్బీ ఆటలో ఈ విద్య లేదు. మింగడం, ఉమ్మడం, అంతే. మరుసటి ఏడాది టీవీకి పెట్టుకుని ఆడే పాత నింటెండో మెషీన్ మీద కిర్బీస్ అడ్వెంచర్ వచ్చినప్పుడు కాపీ పవర్లు మొదలయ్యాయి. ఆ ఆటనే కొత్త బొమ్మలతో, కొత్త హంగులతో 2002లో నైట్‌మేర్ ఇన్ డ్రీమ్‌ల్యాండ్‌గా చేతిలోకి తెచ్చారు. అమేజింగ్ మిర్రర్ 2004 నాటిది, పూర్తిగా కొత్త ఆట.

రెండింట్లోనూ పవర్లు సుమారుగా అవే, బటన్లూ అవే. తేడా అంతా ఆ పవర్‌తో ఆట మనచేత ఏం చేయిస్తుందన్న దాంట్లో ఉంది.

నైట్‌మేర్‌లో పవర్ ఒక ఆటబొమ్మ. స్టేజ్‌లోకి వెళ్లామా, దొరికినవాణ్ని మింగామా, ఆ పవర్‌తో కాసేపు చెలరేగామా, తలుపు దాటామా. ఎడమ నుంచి కుడికి దారి ఒక్కటే, తప్పిపోయే ప్రసక్తి లేదు. దెబ్బ తగిలితే పవర్ నక్షత్రంలా బయటపడి ఎగురుతూ పోతుంది. అది మాయమయ్యేలోపు మళ్లీ మింగేస్తే సరి. అందకపోయినా పెద్దగా బాధ ఉండదు, నాలుగడుగులు వేస్తే ఇంకొకడు దొరుకుతాడు. రహస్యాలూ ఉన్నాయి. ఫలానా చోట మేకుల్లాంటి కొయ్యలుంటాయి, సుత్తి గానీ రాయి గానీ అయితేనే కిందికి దిగుతాయి. ఇంకోచోట ఒత్తికి నిప్పంటించి, ఫిరంగి పేలేలోపు పరుగెత్తి అందులో దూరాలి. అలా దాచిన పెద్ద స్విచ్చులు నొక్కితే బయట చిన్న ఆటల గదులు, పవర్లు పంచిపెట్టే మ్యూజియంలు తెరుచుకుంటాయి. ఇవేవీ చెయ్యకపోయినా ఆట ముందుకు సాగుతుంది. పిల్లవాడికి కావలసిందీ అదే.

కథ కూడా చిన్నదే. కిర్బీ ఉండే లోకానికి రాజునని చెప్పుకునే కింగ్ డెడెడె మంత్రదండాన్ని ఏడు ముక్కలు చేసి పంచిపెట్టాడు, వాటిని ఏరుకురావాలి. వాడు అలా ఎందుకు చేశాడన్నది చివర్లో తెలుస్తుంది. మేనల్లుడు ఇది చదివినా చదువుతాడు, కాబట్టి చెప్పను.

అమేజింగ్ మిర్రర్‌లో అదే పవర్ తాళంచెవి అవుతుంది. ఇక్కడ వరస స్టేజ్‌లు లేవు. అద్దాల గుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కడి నుంచి మూడు దారుల్లోకి. ఎనిమిది అద్దం ముక్కలు వెతకాలి, ఏది ముందు ఏది వెనక అన్నది మనిష్టం. మ్యాప్ కూడా చేతిలో పెట్టరు, ఏ ప్రాంతం మ్యాప్ ఆ ప్రాంతంలో వెతుక్కోవాలి. కొయ్య ఒకటి కనబడింది, దాని వెనక తలుపు ఉంది, మన చేతిలో సుత్తి లేదు. సుత్తివాడు ఎక్కడో వెనక గదుల్లో కనిపించినట్టు గుర్తు. వెళ్లి మింగి, దెబ్బ తగలకుండా జాగ్రత్తగా మోసుకొస్తుంటే సరిగ్గా ఆ తలుపు ముందు గదిలో ఎవడో తగులుకుంటాడు. నక్షత్రం గోతిలో పడుతుంది. మళ్లీ వెనక్కి. నైట్‌మేర్‌లో నవ్వుకుని వదిలేసే దెబ్బ ఇక్కడ ఏడిపిస్తుంది.

నాకు ఆ ఏడుపంటేనే ఇష్టం. ప్రతి గదినీ గుర్తుపెట్టుకుని, "ఆ ఆకుపచ్చ గదిలో రాళ్లవాడు ఉన్నాడు కదా" అని మనసులో సొంత మ్యాప్ గీసుకోవడంలో ఒక మజా ఉంది. పెద్ద స్విచ్ నొక్కినప్పుడు నడిమి హాల్లో కొత్త అద్దం తెరుచుకుని దూరం ఒక్కసారిగా దగ్గరైపోతే, ఊళ్లో అడ్డదారి కనిపెట్టినంత సంబరం. అయితే తెరుచుకోకముందు తిరిగి తిరిగి మొదటికే వచ్చిన సాయంత్రాలూ తక్కువేం కాదు. ఏ పవర్ ఎందుకు పనికొస్తుందో తెలియని పిల్లవాడు ఇక్కడ మొదలుపెడితే, దారి తప్పినందుకు తనకు ఆడటం రాదనుకుంటాడు. నా భయమల్లా అదే.

ఇక ఫోను సంగతి. అమేజింగ్ మిర్రర్‌లో కిర్బీ నలుగురుగా చీలిపోతాడు: గులాబీ, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది, కొడితే మిగతా ముగ్గురూ ఎక్కడున్నా ఊడిపడతారు. బ్యాటరీ ఉన్నంతవరకే. అందరూ కలిసి లాగితే కదలని బండ కూడా కదులుతుంది. ఆలోచన గొప్పది. కానీ కంప్యూటర్ నడిపించే ఆ ముగ్గురూ పెళ్లింట్లో పనికి పిలిచిన చిన్నపిల్లల్లాంటివాళ్లు. వస్తారు, గెంతుతారు, మనకు కావలసిన శత్రువుని మనకంటే ముందు చంపేస్తారు. నలుగురు మనుషులు కేబుల్‌తో కలిసి ఆడితే వేరే సంగతి. దానికి నాలుగు మెషీన్లు, నాలుగు కార్ట్రిడ్జ్‌లు కావాలి. నైట్‌మేర్‌ని కూడా అలాగే నలుగురు ఆడొచ్చు, షరతూ అదే. ఇంట్లో డీఎస్ (నింటెండో తర్వాత తెచ్చిన రెండు తెరల మెషీన్) ఉందని సంబరపడకండి. తొలి డీఎస్, డీఎస్ లైట్ ఈ కార్ట్రిడ్జ్‌లను ఆడిస్తాయి గానీ వాటికి లింక్ కేబుల్ పెట్టే చోటు లేదు.

కొత్త పవర్ల విషయంలో మిర్రర్‌దే పైచేయి. మిసైల్, మ్యాజిక్, క్యూపిడ్, ఇవి కాక మాస్టర్ హ్యాండ్ అనే పెద్ద చెయ్యి రూపంలోని శత్రువుని మింగితే వచ్చే స్మాష్. నైట్‌మేర్‌లో కొత్తవి లేవు, పాత ఆటవే.

ఎంతసేపు ఆడొచ్చు అన్నదానికి వస్తే, నైట్‌మేర్ ఓపికున్నవాళ్లకు ఒక వారాంతం పని. మొదటిసారి ఆడినప్పుడు మరీ తేలికన్న మాట నిజమే. కానీ అంతా పూర్తి చేస్తే ఎక్స్‌ట్రా మోడ్ వస్తుంది, అక్కడ ప్రాణం సగమే. అదీ దాటితే మెటా నైట్‌గా, అంటే ముసుగు వేసుకున్న కత్తివీరుడిగా, ఆడనిస్తారు. మింగడం లేదు, కాపీ లేదు, చేతిలో కత్తి ఒక్కటే. అప్పుడు తెలుస్తుంది, ఇన్నాళ్లూ ఆ పవర్లు మనల్ని ఎంత గారాబం చేశాయో.

"డీఎస్‌లో వచ్చిన స్క్వీక్ స్క్వాడ్ సంగతేమిటి?" అని ఎవరైనా అడగొచ్చు. 2006 నాటి ఆట, పోయిన కేకు ముక్క కోసం కిర్బీ లోకమంతా తిరుగుతాడు. దొరికిన పవర్లను బుడగల్లో కట్టి పొట్టలో దాచుకోవచ్చు, కింది తెరపై కనిపిస్తాయి. పోతుందన్న భయం పోగానే పవర్ విలువా పోయింది అనిపించింది నాకు. పైగా ఎస్‌పీలో ఆ కార్ట్రిడ్జ్ పట్టదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఒక మాట. నకిలీ కార్ట్రిడ్జ్‌లు విపరీతంగా ఉన్నాయి. నేను ఒకచోట చవగ్గా వచ్చిందని మిర్రర్ తెప్పించుకుంటే, ఆఫ్ చేసిన ప్రతిసారీ సేవ్ ఎగిరిపోయేది. అదే నైట్‌మేర్ అయివుంటే మళ్లీ ఆడేసేవాణ్ని. ఐదు అద్దం ముక్కలు ఏరాక మొదటి గదిలో నిలబడటం మాత్రం నావల్ల కాలేదు. కొన్న రోజే కాసేపు ఆడి, సేవ్ చేసి, ఆపి, మళ్లీ పెట్టి చూసుకోండి.

నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది. వాడికి యూఎఫ్ఓ దొరికిందట. అరుదైన పవర్, ఎగురుతూ కాల్పులు జరపొచ్చు. ఎవరి దెబ్బా తగలకుండా స్టేజ్ చివరిదాకా తెచ్చుకున్నాడు. తలుపు దాటగానే మాయం. "అది ఆ స్టేజ్ వరకేరా" అన్నాను. "ముందే చెప్పొచ్చు కదా మామయ్యా!" అని అరిచి, మళ్లీ అదే స్టేజ్‌లోకి వెళ్లిపోయాడు. అమేజింగ్ మిర్రర్ ఇంకా కవర్లోనే ఉందట.