పసిఫిక్ దీవుల కళాఖండాలు సేకరించి ఇచ్చే ఏజెన్సీ: ఒక కోనసీమ మ్యూజియం నుంచి సమీక్ష

కోనసీమలోని మా కళాశాల మ్యూజియంలో సముద్రతీర ప్రజల జీవనానికి ఒక గది కేటాయించాలని సలహా సంఘం నిర్ణయించినప్పుడు, మన పడవ, వల, కొబ్బరి పీచు తాడు, మొగలి చాప పక్కన పసిఫిక్ దీవుల వస్తువులు కూడా ఉంటే బాగుంటుందని అందరం భావించాము. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. కొబ్బరి, మొగలి, అరటి, చేమ పెరిగే ఆ దీవుల బతుకుకూ మన లంకల బతుకుకూ పోలికలు చాలా ఉన్నాయి. అందువల్ల న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల వస్తువులను, టోంగా, సమోవా, ఫిజీ వస్తువులను కొన్నింటిని సేకరించే పనిని, మ్యూజియాలకూ పెద్ద హోటళ్లకూ విదేశీ కళాఖండాలు తెప్పించి ఇచ్చే ఒక ఏజెన్సీకి అప్పగించాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పని చేసే ఇతర సంస్థలను ఎంచుకునేవారికి కూడా ఈ అనుభవం ఉపయోగపడాలన్నదే నా ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్తగా తయారైన వస్తువులను తయారీదారుల నుంచి తెప్పించడంలోనూ, ప్యాకింగ్‌లోనూ, రవాణాలోనూ ఈ ఏజెన్సీ పనితనం మెచ్చుకోదగినది. పాత వస్తువుల విషయంలో మాత్రం, అవి ఎవరి చేతుల మీదుగా ఎలా వచ్చాయో చెప్పగల స్థితిలో అది లేదు. చేరిన ప్రతి వస్తువునూ నమోదు చేసే అక్సెషన్ రిజిస్టరు నిర్వహించే ఏ మ్యూజియానికైనా అది చిన్న లోపం కాదు.

వారు పంపిన మొదటి జాబితా చూడడానికి ఎంతో అందంగా ఉంది. ఒక్కో వస్తువుకు నాలుగైదు వైపుల నుంచి తీసిన ఫోటోలు, కొలతలు, బరువు, ధర అన్నీ ఉన్నాయి. అందులో అన్నింటికన్నా ఎక్కువ ధర పలికినది హె టికి, అంటే మావోరీలు మెడలో ధరించే పచ్చరాతి బొమ్మ. తల ఒక పక్కకు వాలి, చేతులు తొడల మీద ఆనించి కూర్చున్నట్టుండే ఆ రూపాన్ని న్యూజిలాండ్ దక్షిణ దీవిలో దొరికే పౌనాము అనే రాతితో చేస్తారు. ‘పందొమ్మిదో శతాబ్దపు ఆరంభం’ అని జాబితాలో రాశారు. పరిశీలన కోసం ఏజెన్సీ ప్రతినిధి దానిని స్వయంగా తీసుకువచ్చారు. ఆ మర్యాదకు వారిని అభినందించాలి, ఎందుకంటే ఫోటోలో కనిపించని విషయం భూతద్దం కింద స్పష్టంగా కనిపించింది. లోహపు పనిముట్లు లేని కాలంలో మావోరీలు రాతిమొన అమర్చిన తాడు బరమాతో రాయిని రెండు వైపుల నుంచీ తొలిచేవారు కనుక, పాత హె టికికి తాడు దూర్చే రంధ్రం రెండు పక్కలా వెడల్పుగా, నడుమ ఇరుకుగా ఉంటుంది. తరతరాలు ధరించినదైతే తాడు ఒరుసుకున్న చోట రాయి అరిగి నునుపుదేరుతుంది. మాకు చూపించిన దాని రంధ్రం మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పుతో నిటారుగా ఉంది, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. కళ్లలో ఎర్ర లక్క అద్ది ఉంది. యూరోపియన్లు వచ్చాక పాత హె టికిలలో కూడా లక్క వాడారు గనుక, ఒక్క లక్కను బట్టి కాలం తేల్చలేము. ఏజెన్సీ మాత్రం ఆ లక్కనే ప్రాచీనతకు రుజువుగా చూపించింది.

ఈ రంగంలో నకిలీలు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర న్యూజిలాండ్ పచ్చరాయిని జర్మనీలోని ఇదార్-ఒబెర్‌స్టైన్ పట్టణపు రాతి పనివారి దగ్గరకు పంపి, అక్కడ హె టికిలు కోయించి తిరిగి అమ్మేవారు. ఇంగ్లండ్‌లో జేమ్స్ లిటిల్ అనే వర్తకుడు మావోరీ చెక్కడాలకు నకిలీలు తయారు చేసి సేకర్తలకు అంటగట్టాడు. ఇలాంటి చరిత్ర ఉన్న వస్తువును అమ్మేవారికి కనీసం రంధ్రం ఎలా ఉండాలో తెలిసి ఉండాలని ఆశించడం అత్యాశ కాదు. సంశయం చెప్పినప్పుడు ప్రతినిధి వాదించలేదు, ఆ వస్తువును జాబితా నుంచి తొలగించారు. అయితే తర్వాత పంపిన జాబితాలో మరో హె టికి అదే వర్ణనతో వచ్చి చేరింది.

అసలు సమస్య పత్రాల దగ్గర వచ్చింది. పాత వస్తువులన్నింటికీ ‘ఐరోపాకు చెందిన ఒక ప్రైవేటు సేకరణ, 1970కి ముందు’ అన్న ఒకే వాక్యం రాసి ఉంది. సాంస్కృతిక సంపద అక్రమ తరలింపును అడ్డుకునే యునెస్కో ఒప్పందం కుదిరిన సంవత్సరం అదే కావడం వల్ల ఆ అంకెను వర్తకులు ఇష్టపడతారు. ఆ ఒప్పందాన్ని మన దేశం 1977లో ఆమోదించింది, న్యూజిలాండ్ 2007లో చేరింది. సేకర్త ఎవరు, వస్తువు ఏ దీవిలో ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు ఇచ్చారు, అమ్మారా, బహూకరించారా, లాక్కున్నారా అన్న ప్రశ్నలకు ఆ వాక్యం ఏమీ చెప్పదు. న్యూజిలాండ్ చట్టం ఇంకా కఠినమైనది. 1975 నాటి రక్షిత వస్తువుల చట్టం ప్రకారం మావోరీ సంస్కృతికి చెందిన, యాభై ఏళ్లు దాటిన వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. కొత్తగా బయటపడిన వస్తువు మొదట ప్రభుత్వానిది అవుతుంది, ఆపై దాని హక్కుదారులెవరో మావోరీ భూమి న్యాయస్థానం తేలుస్తుంది. ఈ చట్టాన్ని గురించి అడిగితే, ‘వస్తువు ఇప్పుడు ఐరోపాలో ఉంది గనుక అది వర్తించదు’ అని ఏజెన్సీ లిఖితపూర్వకంగా జవాబిచ్చింది.

మొటునుయి పలకల కథ తెలిసినవారికి ఆ జవాబు నచ్చదు. న్యూజిలాండ్‌లోని టరనాకి ప్రాంతపు ఒక చిత్తడి నేలలో, యుద్ధకాలంలో కాపాడుకోవడానికి పూర్వీకులు పాతిపెట్టిన ఐదు చెక్క పలకలు 1972లో బయటపడ్డాయి. అవి దొంగతనంగా దేశం దాటి జార్జ్ ఒర్టిజ్ అనే సేకర్త చేతికి చేరాయి. 1978లో ఆయన వాటిని లండన్‌లో వేలానికి పెట్టినప్పుడు న్యూజిలాండ్ ప్రభుత్వం దావా వేసింది, 1983లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయింది. అయినా ఆ పలకలను ఆ తర్వాత ఎవరూ నిశ్చింతగా కొనలేకపోయారు. చివరకు 2014లో 45 లక్షల న్యూజిలాండ్ డాలర్లు చెల్లించి ఆ ప్రభుత్వమే వాటిని తిరిగి ఇంటికి తెచ్చుకుంది. కోర్టులో గెలిచిన వస్తువు కూడా మచ్చ పోక ముప్పై ఏళ్లు నిలిచిపోయిందంటే, జిల్లా స్థాయి మ్యూజియం అలాంటి భారం నెత్తికెత్తుకోవడం ఎంతవరకు క్షేమమో ఆలోచించుకోవాలి.

పత్రాలు ఎలా ఉండాలో చూడాలంటే వెల్లింగ్టన్‌లోని న్యూజిలాండ్ జాతీయ మ్యూజియమైన టే పాపా ఆన్‌లైన్ వివరాలు చదవడం మంచిది. హవాయి రాజు కలనియోపుʼఉ 1779లో కెప్టెన్ కుక్‌కు కప్పిన ఈకల అంగీ, ఇచ్చిన శిరస్త్రాణం 1912లో న్యూజిలాండ్‌కు ఎవరి దానంగా చేరాయో, 2016లో హొనొలులులోని బిషప్ మ్యూజియానికి ఎలా వెళ్లాయో, 2020లో శాశ్వతంగా అక్కడివే ఎలా అయ్యాయో అంతా లిఖితంగా ఉంది. టే పాపాలోనే తమిళ అక్షరాలున్న ఒక ఓడ గంట కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మావోరీ స్త్రీలు దానిలో బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటుండగా విలియం కొలెన్సో అనే మిషనరీ చూసి తీసుకున్నాడు. మన సముద్రాల మీద తిరిగిన గంట అది. అది అక్కడికి ఎలా చేరిందో తేలకపోయినా, దొరికిన తర్వాతి సంగతి అందరికీ తెలుసు. ఏజెన్సీ ఇచ్చిన ఒక్క వాక్యాన్ని దాని పక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది.

జాబితాలోని మరో రెండు వస్తువులు నన్ను నిజంగా బాధపెట్టాయి. ఒకటి ఫిజీ తంబువా, పెళ్లిళ్లలోనూ క్షమాపణలలోనూ గౌరవంగా అందించే స్పెర్మ్ తిమింగలం దంతం. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఆ జంతువు ఉంది కనుక దాని భాగాలతో దేశాల మధ్య వ్యాపారం సాధారణంగా చెల్లదు. ఆ మాట జాబితాలో ఎక్కడా లేదు. రెండవది ‘ఎముక వేణువు’ అని మాత్రమే రాసిన మావోరీ వాద్యం. అలాంటి వేణువులను కొన్నిసార్లు మనిషి ఎముకతో చేసేవారు. ఎవరి ఎముక అని అడిగితే సమాధానం రాలేదు. పచ్చబొట్లున్న మావోరీ శిరస్సులను హొరేషియో రాబ్లీ అనే సైనికాధికారి పోగుచేసి 1907లో న్యూయార్క్ మ్యూజియానికి అమ్మడం, అవి 2014లో గానీ స్వదేశం చేరకపోవడం, పూర్వీకుల అవశేషాలను వెనక్కి తెచ్చేందుకు టే పాపా 2003 నుంచి ప్రత్యేకంగా పనిచేయడం ఈ వర్తకంలో ఉన్నవారందరికీ తెలియవలసిన విషయాలు. మన ఇంటి పెద్దల అస్థికలను పరాయివారు అద్దాల పెట్టెలో పెడితే ఊరుకుంటామా? ఆ రెండు వస్తువులనూ చూడడానికి కూడా మేము ఒప్పుకోలేదు.

ఇక సంతోషంగా చెప్పదగిన భాగం. పాత వస్తువుల ఆలోచన మానుకుని, ఇప్పుడు జీవించి ఉన్న కళాకారుల చేత చేయించినవే కావాలని కోరినప్పుడు ఏజెన్సీ తీరే మారిపోయింది. టోంగా స్త్రీలు చేసిన న్గాటు అనే చెట్టుబెరడు వస్త్రం, సమోవా మొగలి చాప, ఫిజీ కొబ్బరి పీచు తాడు చుట్ట తయారీదారుల వివరాలతో, వారికి చెల్లించిన సొమ్ము రసీదులతో సహా వచ్చాయి. తమ పేరును ప్రదర్శనలో రాయడానికి తయారీదారులు ఇచ్చిన అంగీకారపత్రాలు కూడా ఆ కట్టలోనే ఉన్నాయి. న్గాటును మడతపెట్టకుండా పెద్ద గొట్టానికి చుట్టి, మధ్యలో ఆమ్లం లేని కాగితం వేసి పంపారు. మడత పెడితే ఆ గీత వెంబడి బెరడు చిట్లుతుందని వారికి తెలుసు.

ఆ వస్త్రాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, కాగితపు మల్బరీ బెరడును గాళ్లు చెక్కిన కర్రతో కొట్టిన సమాంతర చారలు బట్ట లోపల పల్చగా కనిపిస్తాయి. నమూనా అద్దే అచ్చును మొగలి ఆకు మీద కొబ్బరి ఈనెలు కుట్టి తయారు చేస్తారు. బట్టను దాని మీద పరిచి రంగుతో రుద్దితే ఈనెల గీతలు తేలుతాయి. ఈనెలను చీపురు కట్టడానికే వాడే మన ప్రాంతపు పిల్లలు ఆ అచ్చును ఎంతసేపు చూస్తారో ఇప్పుడే ఊహించగలను. తాడు చుట్టను అంబాజీపేటలో పీచు పని చేసే ఒక పెద్దావిడకు చూపించినప్పుడు, ఆవిడ పురి విప్పి, వేలితో తడిమి, “ఆయ్, ఇది మిషను తాడు కాదండీ, తొడ మీద పేనిందండీ” అన్నారు. పసిఫిక్‌లో పీచును నిజంగానే తొడ మీద పేని, ఆపై జడగా అల్లుతారు. ఏజెన్సీ పంపిన వివరపత్రంలో ఆ సంగతి లేదు. ఆవిడ మాటను మేము ప్రదర్శన వివరణలో చేర్చుకుంటున్నాము.

సంరక్షణ విషయంలో వారి సలహా బలహీనంగా ఉంది. నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో ఉంచితే చాలన్నారు. గోదావరి డెల్టాలో వానాకాలపు తేమకు, చెదలకు, వెండి పురుగుకు ఆ ఉండలు ఏ మూలకు? బెరడు వస్త్రానికి తేమ సుమారు 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి, వెలుతురు 50 లక్స్ దాటకూడదు, పెట్టె నేలకు ఎత్తులో ఉండాలి. పురుగు గుడ్లు చావడానికి కొత్త చాపను, వస్త్రాన్ని పాలిథిన్‌లో గాలి చొరకుండా మూసి మైనస్ 20 డిగ్రీల చలిలో రెండు వారాలు ఉంచడం మ్యూజియాలు అనుసరించే పద్ధతి. రొయ్యల శీతల గిడ్డంగులు ఉన్న మన ప్రాంతంలో అది కష్టమైన పని కాదు. ఉష్ణోగ్రత రాసిపెట్టే యజమాని దొరికితే చాలు.

ఈ ఏజెన్సీని సంప్రదించేవారు పాత వస్తువులు అడగకుండా, జీవించి ఉన్న తయారీదారుల నుంచి మాత్రమే కొనుగోలు చేయించుకుంటే నష్టపోరు. మావోరీ కళాకారుల పనికి, అది నిజంగా వారిదేనని తెలిపే, 2002లో మొదలైన టోయ్ ఇహో గుర్తు ఉందేమో అడిగి చూడాలి. న్యూజిలాండ్‌లోని రొటొరువాలో టే పుయా వంటి చోట్ల చెక్కడం, నేత నేర్పుతున్నారు గనుక అక్కడికి నేరుగా రాయడం కూడా ఒక మార్గం. ఒప్పందంలో మాత్రం, వస్తువు పూర్వాపరాలపై రాతపూర్వకమైన వివరాలు అందాకనే చివరి వాయిదా చెల్లించే షరతును తప్పక చేర్పించుకోవాలి. మేము ఆ షరతు పెట్టినప్పుడు వారు అభ్యంతరం చెప్పలేదు, వివరాలు అందిన తర్వాతే డబ్బు తీసుకున్నారు.