వెంటనే కలవడమా, ఐదేళ్లు ఆగడమా, విడిపోవడమా: ఏది మేలు?

తెలంగాణ ఏర్పడిన జూన్ 2 దగ్గరపడిందంటే చాలు, అదే ప్రశ్న. "ఆంధ్ర, తెలంగాణ కలిసుంటేనే బాగుండేదేమో కదండీ?" అడిగేవాళ్లలో విజయవాడ వాళ్లూ ఉంటారు, వరంగల్ వాళ్లూ ఉంటారు. ఒకరు నిట్టూరుస్తూ అడుగుతారు, ఇంకొకరు నన్ను ఇరికించాలని అడుగుతారు. ఉద్యమాల చరిత్ర అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు ఎవరివి వాళ్ల దగ్గర ఉన్నాయి. నేను ముందు చూసేది వేరే. చిన్న భాగస్వామికి ఇచ్చిన మాట తప్పితే, వెళ్లి అడగడానికి గుమ్మం ఏది?

ఈ కొలతతో చూస్తే 1956 నాటి కలయిక నిలవదు. ఫిబ్రవరి 20న ఢిల్లీలో అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలి. మంత్రివర్గంలో అరవై, నలభై పాళ్లు. ముల్కీకి, అంటే ఉద్యోగాలకు స్థానికుడనిపించుకోవడానికి, పన్నెండేళ్ల నివాసం. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. కానీ నవంబర్ 1న కొలువుదీరిన మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. అది చేతికి ఆరో వేలు లాంటిదన్న మాట నీలం సంజీవరెడ్డి పేరు మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకరు. మాట ఇచ్చినవాడే తప్పితే ఇంక ఎవరికి చెప్పుకోవాలి? పెద్దమనుషులు కాబట్టి తప్పరు అనుకోవడమే ఆ కాగితానికున్న ఏకైక హామీ.

పోనీ మాటను చట్టంలో పెడితే? అదీ చూశాం. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. సొంత రాజధానిలో మేం పరాయివాళ్లమా అని కోస్తా, సీమ భగ్గుమన్నాయి. ప్రత్యేక ఆంధ్ర కోరే జై ఆంధ్ర ఉద్యమం అలా వచ్చింది. వాళ్ల బాధా తక్కువదేం కాదు. మద్రాసు పోయింది, కర్నూలు వదులుకున్నారు, తీరా హైదరాబాద్ వచ్చాక అక్కడా హద్దులు. రాజీగా ఆరు సూత్రాల పథకం, దాని వెంట చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా ఇచ్చే 371-డి అధికరణ రాజ్యాంగంలోకి వచ్చాయి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా బోనఫైడ్ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో దాచుకుని, అడ్మిషన్ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డ ప్రతి ఒక్కరూ ఆ అధికరణను చేత్తో పట్టుకున్నవాళ్లే. చదువుల దగ్గర అది పనిచేసింది. ఉద్యోగాల దగ్గర ఏమైంది? 1975లో ఆ వాటాను అమలు చేసే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఉల్లంఘించి జరిగిన నియామకాలను సరిచేయమని పదేళ్లకు, 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. గడువు 1986 మార్చి 31. ఆ పని ఎంతవరకు అయిందో చూడమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. మూడు నెలల పని పదిహేనేళ్ల తర్వాత కమిషన్ కిందికి వచ్చిందన్నమాట!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఉద్యోగుల గోడు వినడానికి 371-డి కిందే ట్రిబ్యునల్ పెట్టారు గదా, దాని తీర్పును రాష్ట్ర ప్రభుత్వమే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అని అదే అధికరణలో ఐదో క్లాజు రాసుకున్నారు. ఫిర్యాదు ఎవరి మీదో, చివరి మాటా వాళ్లదే. సుప్రీంకోర్టు తర్వాత ఆ క్లాజును కొట్టేసింది, అది వేరే విషయం.

అందుకే నా ఓటు ఎప్పుడూ జరగని మూడో దారికి. 1955లో రాష్ట్రాల పునర్విభజన మీద కేంద్రం వేసిన ఫజల్ అలీ కమిషన్ చెప్పింది ఇదే: తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచండి, 1961 ప్రాంతంలో వచ్చే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది సరేనంటే అప్పుడు కలపండి. అందరూ ఆ ఐదేళ్ల గురించే మాట్లాడతారు, నాకు ఆ మూడింట రెండొంతులే ముఖ్యం. తాళంచెవి చిన్నవాడి చేతిలో ఉంది. వాడి ఒప్పుకోలు కావాలంటే పెద్దవాడు ఐదేళ్లపాటు మంచిగా ఉండి చూపించాలి. ఒప్పందాలూ క్లాజులూ చేయలేని పని ఆ ఒక్క షరతు చేసి ఉండేది.

దీనికి ఎదురువాదన బలమైనదే. అప్పటి హైదరాబాద్ శాసనసభలో అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్ర వైపే, అంటే తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం వైపే ఉన్నారు, ఇంకా ఆగడం దేనికి అంటారు. నిజమే. కానీ ఆ 103 మందిలో మరాఠీ, కన్నడ జిల్లాల సభ్యులూ ఉన్నారు. వాళ్లు ఎలాగూ వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయేవాళ్లు. వేరుపడి పోయేవాళ్లను పక్కింటి వియ్యం గురించి అడిగినట్టుంది.

2014 విభజన? 1956 కంటే మేలు, ఫజల్ అలీ దారి కంటే తక్కువ. మేలెందుకంటే చాలావరకు చట్టంలో రాశారు. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నారు, 2024 జూన్ 2న ఆ గడువు ముగిసింది, ఎవరూ రోడ్డెక్కలేదు. తక్కువెందుకంటే ఈసారి మాట పోగొట్టుకున్నది అవతలి ఒడ్డు, అంటే ఆంధ్ర. ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా, రాష్ట్రాలను విడదీసే అధికారం పార్లమెంటుకిచ్చే మూడో అధికరణ కింద పార్లమెంటు ముందుకు వెళ్లిపోయింది. ప్రత్యేక హోదాను ప్రధాని రాజ్యసభలో నోటితో ప్రకటించారు, చట్టంలో మాత్రం లేదు. ఆ రోజు కూడా ఫిబ్రవరి 20, కాకతాళీయమే అనుకోండి.

విభజనకు ముందు కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాల సంగతి కూడా అడుగుతారు. హైదరాబాద్‌ను కేంద్రపాలితం చేయడం, సీమను తెలంగాణతో కలిపే రాయల తెలంగాణ, ఇవి కాగితం దాటవు. కమిటీకి అన్నిటికంటే నచ్చిన ఆరో మార్గం, సమైక్యంగా ఉంచి తెలంగాణకు చట్టబద్ధ ప్రాంతీయ మండలి ఇవ్వడం. 1956 ఒప్పందాన్నే మళ్లీ ఇస్త్రీ చేసి ఇచ్చారు.

ఇక నీళ్లు. సమైక్యవాదుల మాటల్లో నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఇదొక్కటే. 2023 నవంబర్ చివర్లో, తెలంగాణ పోలింగ్‌కు ముందు రాత్రి, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చి పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. మొత్తం ఇరవయ్యారు గేట్లు, సరిగ్గా సగం. ఒకే ఆనకట్ట మీద రెండు ఖాకీలు ఎదురెదురుగా నిలబడ్డాయి. కలిసుంటే ఇది ఉండేది కాదంటే కాదనలేను. అయితే ఆ డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. అప్పటికి అటు ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఇటు ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం.