పాత పౌండ్లను న్యూటన్లలోకి మార్చే యాప్: లెక్క కరెక్టే, పేర్లతోనే తంటా

పాత స్ప్రింగ్ త్రాసు ఒకటి బాగుచేస్తున్నాను. డయల్ మీద అంతా పౌండ్లే, కొత్తగా వేయాల్సిన స్ప్రింగు వివరాలేమో న్యూటన్లలో ఉన్నాయి. ప్రతిసారీ చేత్తో గుణించే ఓపిక లేక ఈ యూనిట్ కన్వర్టర్ యాప్ వేసుకున్నా, మూడు వారాలుగా వాడుతున్నా. మూడు స్టార్లు.

ముందు మంచి చెప్తా. 50 పౌండ్లు కొడితే 222.4 న్యూటన్లు అని టక్కున వస్తుంది, నెట్ కూడా అక్కర్లేదు. కింద చిన్న అక్షరాల్లో గురుత్వ త్వరణం 9.80665 అని చూపిస్తుంది, అది మనం మార్చుకోవచ్చు కూడా. నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే పౌండ్ అసలు ద్రవ్యరాశి, 1959 ఒప్పందం ప్రకారం కచ్చితంగా 0.45359237 కిలోలు, దాన్ని బలంగా మార్చాలంటే ఈ త్వరణంతో గుణించాలి, ఆ 9.80665 కూడా 1901లో అందరూ కలిసి ఖాయం చేసుకున్న అంకే తప్ప మనం నిలబడ్డ చోట ఉండేది కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.780 ఉంటుంది, ధ్రువాల దగ్గర 9.832.

ఇక తిప్పలు. లిస్టులో పౌండ్-ఫోర్స్ (ఒక పౌండు బరువు చూపే బలం, నాకు కావాల్సింది ఇదే), పౌండల్ (అంతకంటే చాలా చిన్న బలం యూనిట్) పక్కపక్కనే పెట్టారు. వేలు జారి పౌండల్ మీద పడింది, 50కి 6.9 న్యూటన్లు అంది. త్రాసు సగం విప్పుకుని కూర్చున్నానేమో, అరగంట సేపు నా కొలతలే తప్పనుకుని మళ్లీ మళ్లీ కొలిచా. 32కి పైగా పౌండల్స్ కలిస్తే గానీ ఒక పౌండ్-ఫోర్స్ అవ్వదని పక్కన ఒక్క ముక్క రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

హండ్రెడ్‌వెయిట్ అనే పాత తూకం యూనిట్ కథ ఇంకా ఘోరం. బ్రిటిష్‌ది 112 పౌండ్లు, అమెరికాది పేరుకు తగ్గట్టే 100. యాప్‌లో ఒక్కటే ఉంది, ఏదో చెప్పదు. 1 కొడితే 444.8 న్యూటన్లు వచ్చాక అమెరికాదని నేనే పట్టుకున్నా. పాత బ్రిటిష్ కప్పీ మీద రాసి ఉన్నదైతే 498.2 రావాలి మరి. ఔన్సుదీ ఇదే కథ, బంగారం తూచే ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, మామూలుది 28.35, ఇందులో మామూలుదే ఉంది. (1999లో అంగారకుడి దగ్గర నాసా ఆర్బిటర్ పోయింది కూడా పౌండ్-ఫోర్స్‌ని న్యూటన్ అనుకోవడం వల్లే.)

డిలీట్ అయితే చేయలేదు. ఏ యూనిట్ ఎంచుకున్నా ముందు 1 కొట్టి చూస్తున్నా. 4.448 వస్తే పౌండ్-ఫోర్స్, 0.138 వస్తే వేలు మళ్లీ జారినట్టే.