ప్లాటు చూసుకున్నాం, పార్కు చూసుకోలేదు. మీరు జాగ్రత్త!

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఓ వెంచర్‌లో 2018లో 200 గజాలు కొన్నాం. బ్రోచర్‌లో నడిమధ్య పచ్చరంగు వేసి ‘పార్కు’ అని రాశారు. సైట్ చూడ్డానికి వెళ్లిన రోజు అక్కడ రెండు ఉయ్యాలలు, ఒక ఎర్ర జారుడుబల్ల కూడా ఉన్నాయి. మా పాప దిగనంటే దిగనంది. నిజం చెప్పాలంటే ఆ జారుడుబల్ల చూసే అడ్వాన్స్ ఇచ్చేశాం.

ఇల్లు కట్టుకుని దిగిన ఏడాదికి, ఓ పొద్దున చూస్తే పార్కులో హద్దురాళ్లు పాతుతున్నారు. వెంచర్ వాళ్లు 41/ఏ, 41/బీ అని బై నంబర్లు వేసి నాలుగు ప్లాట్లు చేసి అమ్మేశారట, రిజిస్ట్రేషన్లు కూడా అయిపోయాయి. అడ్డుపడదామంటే మా దగ్గర కాగితమేదీ? మాది సరైన అనుమతి లేకుండా, సర్పంచ్ సంతకంతో నడిచిన లేఅవుట్. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసివ్వాలి. మా దాంట్లో ఆ డీడే లేదు.

పైగా ఎల్ఆర్ఎస్ ఒకటి, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే ప్రభుత్వ పథకం. 2020 రూల్స్ ప్రకారం లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కొన్నవాళ్లే కట్టాలి. పార్కు అమ్ముకున్నది వాళ్లు, లేని పార్కుకు డబ్బు కట్టింది మేము!

ఇప్పుడు వినాయకుణ్ణి పెట్టాలన్నా 20 అడుగుల రోడ్డు మీదే. ఆ తొమ్మిది రోజులూ కారు తిరగదని ఎవరో ఒకరు గొడవ. పిల్లల బంతి ఎవరి కిటికీకి తగులుతుందోనని రోజూ టెన్షన్. సాయంత్రం పెద్దవాళ్లు నలుగురు కూర్చునే చోటు లేదు. ఇన్నేళ్లయినా వెనక వీధిలో ఎవరుంటారో నాకు సరిగ్గా తెలియదు.

కొనేముందు బ్రోచర్ పక్కన పెట్టి ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్), హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) స్టాంపు ఉన్న ప్లాన్ అడగండి. మీ ప్లాటుకే కాదు, పార్కు స్థలానికీ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించండి, గిఫ్ట్ డీడ్ కాపీ చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి. మాది లేదు, మేం వెతకనూ లేదు.

మొన్న పక్క ఊళ్లో కొత్త వెంచర్ ముందు నుంచి వస్తుంటే మాకు ప్లాటు అమ్మిన ఏజెంటే కనిపించాడు. వెనక అదే జారుడుబల్ల. రంగు కూడా మార్చలేదు.