పిల్లలకి వంట నేర్పడానికి గ్యాస్ మేలా, ఇండక్షన్ మేలా?

ఎండాకాలం సెలవులు ఇచ్చిన వారంలోపే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. "వదినా, మావాడికి ఈసారి కాస్త వంట నేర్పుదామనుకుంటున్నా. గ్యాస్ దగ్గరికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. ఇండక్షన్ కొంటే నయమా?" అని. విజయవాడలో పిల్లల్ని పదో తరగతి అయ్యీ అవగానే హాస్టల్‌కి పంపేవాళ్లు ఎక్కువ. అప్పటిదాకా "నువ్వు చదువుకో నాన్నా, వంటింటి సంగతి నేను చూసుకుంటా" అన్న తల్లులకే, పిల్లాడికి పాలు కాచుకోవడం కూడా రాదని పెట్టె సర్దేటప్పుడు గుర్తొస్తుంది.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. బాబు ముందు గ్యాస్ మీద నేర్చుకున్నాడు, పాప ముందు ఇండక్షన్ మీద. ప్లాన్ ఏమీ లేదు, పాప వంతు వచ్చేసరికి ఇంట్లోకి ఇండక్షన్ వచ్చింది, అంతే.

ఇండక్షన్‌కి ఇవ్వాల్సిన మార్కులు ముందే ఇచ్చేస్తాను. మంట ఉండదు కాబట్టి చున్నీ కొస, గౌను అంచు అంటుకునే భయం లేదు. గిన్నె తీసేస్తే చాలా వరకు అదే ఆగిపోతుంది. టైమర్ ఉంటుంది. పైగా ఫ్యాన్ వేసుకోవచ్చు. మే నెలలో బెజవాడ వంటింట్లో నిలబడ్డవాళ్లకి అది ఎంత సుఖమో తెలుసు. గ్యాస్ దగ్గర ఫ్యాన్ తిరిగితే సిమ్‌లో ఉన్న మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. పిల్లలు చెమట పట్టగానే చేసే మొదటి పని ఫ్యాన్ స్విచ్ వేయడమే.

ఇన్ని ఉన్నా నా ఓటు గ్యాస్‌కే. ఎందుకో చెప్పాలంటే మా పాప చెయ్యి కాలిన సంగతి చెప్పాలి. అప్పటికి దానికి పదకొండేళ్లు. పాలు కాచింది, పొంగి కొంచెం కిందికి కారాయి. బుద్ధిగా స్విచ్ ఆపింది, మసిగుడ్డతో గిన్నె దించింది, వెంటనే ఇండక్షన్ పైనున్న గాజు పలక మీద పాలని అరచేతిలో ఉన్న పల్చటి టిష్యూతో తుడిచింది. గిన్నె వేడికి ఆ గాజు పలక కూడా కాలిపోతోంది. మా దాంట్లో ఇంకా వేడిగా ఉందని చూపించే లైటు కూడా లేదు. ఏడుస్తూ అది అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: "మంట లేదుగా అమ్మా!"

మంట కనిపిస్తుంది, సెగ మొహానికి తగులుతుంది, బర్నర్ చప్పుడు వినిపిస్తుంది. చెయ్యి ఎంత దూరంలో పెట్టాలో పిల్లలకి మనం చెప్పక్కర్లేదు, ఒళ్లే చెబుతుంది. ఇండక్షన్ మీద ఆ పని ఒక అంకె చేస్తుంది. అంకెకి ఎవరు భయపడతారు? పోపు మాడుతుంటే బాబు మంట వంక చూసి సిమ్ చేస్తాడు. పాప చాలా రోజులు అంకెలు మార్చుకుంటూ ఉండేది, ఈలోపు ఆవాలు నల్లబడేవి. గ్యాస్ మీద వంట వచ్చిన బాబుకి ఇండక్షన్ పది నిమిషాల పని. పాపకి గ్యాస్ అలవాటు కావడానికి ఒక సెలవులన్నీ పట్టింది.

కాకపోతే గ్యాస్ నేర్పడమంటే వంట కంటే ముందు నేర్పాల్సినవి ఉన్నాయి. లైటర్ చేతిలోకి తీసుకున్నాకే నాబ్ తిప్పాలి. పిల్లలు నాబ్ తిప్పేసి లైటర్ వెతుక్కుంటారు. రెండుసార్లకి అంటుకోకపోతే ఆపేసి, కాసేపు ఆగి మళ్లీ వెలిగించాలి. గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియడానికే ఆ కుళ్లు వాసన కలుపుతారని చెబితే పిల్లలు ముక్కు మీద శ్రద్ధ పెడతారు. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తీసి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చేయాలి. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. అందుకే కిటికీ ఒక్కటే చాలదు, తలుపు తీయాలి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో అది పైకి పోతుంది, కాబట్టి అక్కడ కిటికీలు మరింత ముఖ్యం.

గిన్నెల సంగతి కూడా ఉంది. మన గుండ్రటి అడుగు మూకుడు, అల్యూమినియం గిన్నెలు ఇండక్షన్ మీద పనికిరావు. పిల్లలు నేర్చుకునేది ఒక గిన్నె, రేపు ఇంట్లో వాడేది ఇంకొకటి. కరెంటు మాట సరేసరి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, అక్కడ పై అంతస్తులో చిక్కుకున్న మా చుట్టాలు గ్యాస్ ఉండబట్టే ఇంత అన్నం వండుకున్నారు.

మైక్రోవేవ్ అంటారా, అది వేడి చేసుకోవడమే, వంట కాదు. స్కూళ్లలో పెట్టే పొయ్యి లేని వంట పోటీలు సరదాకి బాగుంటాయి, భేల్‌పూరి దగ్గరే ఆగిపోతాయి.

ఏ పొయ్యి అయినా చెప్పక తప్పనివి కొన్ని. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి ఆపి మూత పెట్టేయాలి. కాలితే కొళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు, ఐసూ వద్దు, పేస్టూ వద్దు. మా అత్తయ్య ఇప్పటికీ పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొస్తారు, అది వేరే పోరాటం. పచ్చిమిరపకాయలు తరిగిన చేతికి ముందు కొంచెం నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. మిరప ఘాటు నీళ్లకి పోదు, నూనెకి పోతుంది. గుంటూరు పక్కన ఉండి ఈ మాట నేర్పకపోతే ఎలా?

వయసు గురించి కూడా అడుగుతుంటారు. నేను వయసు కంటే ఎత్తు చూస్తాను. స్టూలు ఎక్కకుండా గిన్నెలోకి చూడగలిగితే చాలు, అదీ పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉన్నప్పుడే. పాప ఇప్పుడు గ్యాస్ మీద ఉప్మా చేస్తుంది, ఉండ కట్టకుండా. ఇండక్షన్ మీద టీ పెట్టుకున్న రోజు మాత్రం తుడిచే ముందు గాజు పలకకి జానెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి చూసుకుంటుంది.