సిల్క్ థ్రెడ్ నగల కిట్: దారం పర్వాలేదు, గమ్ మాత్రం మార్చుకోండి

పది రంగుల దారం రీళ్లు, తెల్ల ప్లాస్టిక్ గాజులు, జుంకా బేస్‌లు, కుందన్లు, బాల్ చైన్, పిన్నులు, చిన్న గమ్ ట్యూబు, ఒక ప్లయర్. ఆన్‌లైన్‌లో కొత్తవాళ్ల కోసమని అమ్మే ఈ కిట్‌లో అసలు విలువ దారంలోనే ఉంది. మెరుపు బాగుంది, పోగులు తొందరగా రేగవు.

మొదట గాజులే చుట్టండి. 75 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు కుర్చీ కాళ్లకు దారం 20 చుట్లు వేసి ఒకచోట కత్తిరిస్తే, మీటరున్నర పొడవున్న 20 పోగులు వస్తాయి. సన్న గాజుకు అవి సరిపోతాయి. గాజు లోపలి చుట్టుకొలత తక్కువ, బయటిది ఎక్కువ. అందుకే లోపల పోగులు ఒకదానిమీద ఒకటి ఎక్కినా ఫరవాలేదు, బయట మాత్రం పక్కపక్కనే పడాలి. లేకపోతే సందుల్లోంచి తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తుంది. ముదురు రంగుల్లో ఈ లోపం మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. నాలుగైదు చుట్లకోసారి పోగుల మెలిక విప్పి, వేళ్లతో చదును చేయండి. గమ్ లోపలి వైపే, అంగుళానికో చుక్క చాలు. ఎక్కువైతే దారం పీల్చుకుని పైకి మరక తేలుతుంది, ఆరినా పోదు.

సైజు గురించి కిట్‌లోని కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. ఇది పెద్ద లోటు. 2.4 గాజు లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు, 2.6 అయితే 60. దారం చుట్టాక లోపల మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. 2.4 బిగుతుగా పట్టేవాళ్లు 2.6 మీద చుట్టుకోవాలి.

జుంకా దీనికంటే కష్టం. బేస్ పైన ఇరుకు, కింద వెడల్పు కాబట్టి దారం పైన గుట్టపడి, అంచు దగ్గర విడిపోతుంది. సూదికి పది పోగులే ఎక్కించి మొదలుపెట్టండి, చివర్లో మిగిలిన సందులను నాలుగు పోగులతో పూడ్చండి. చుట్టడం అయ్యాక పైరంధ్రంలో లావు సూది దూర్చి, ఐ పిన్‌కు (ఒక కొన రింగులా చుట్టి ఉన్న తీగ పిన్ను) దారి చేయాలి. పిన్నుకు ఎక్కించే చిన్న గిన్నెలాంటి మూత, అంటే బీడ్ క్యాప్ పైన పిన్ను సెంటీమీటరు వదిలి కత్తిరించి, 90 డిగ్రీలు వంచి, గుండ్రటి ముక్కు ప్లయర్‌తో కొక్కెం చుట్టాలి. కిట్‌లో ఇచ్చింది చదును ముక్కుది. దాంతో కొక్కెం గుండ్రంగా రాదు, జుంకా పక్కకు ఒరిగి వేలాడుతుంది. భాగాలను కలిపే చిన్న తీగ రింగు, అంటే జంప్ రింగ్‌ను ఎడంగా లాగి తెరవకండి, ఒక కొనను ముందుకు, రెండోదాన్ని వెనక్కి తిప్పండి. లాగితే రింగు సాగిపోయి మళ్లీ సరిగా మూసుకోదు, జుంకా జారి పోతుంది.

గమ్ ట్యూబులో ఉన్నది ఇన్‌స్టంట్ రకం. ఆరేటప్పుడు దాని ఆవిరి కుందన్ల మీద తెల్లటి పొరగా దిగుతుంది, దారం గట్టిపడి పెళుసెక్కుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి. దారానికి ఫ్యాబ్రిక్ గ్లూ, రాళ్లకు బీ-7000 అనే గమ్ వాడి, 24 గంటలు కదపకుండా ఆరనివ్వండి.

బేగంబజార్ లాంటి హోల్‌సేల్ మార్కెట్ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఈ కిట్ అక్కర్లేదు, రెండు రంగుల దారం, అరడజను గాజులు, మంచి గమ్ విడిగా కొనుక్కోవచ్చు. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లు మాత్రం కొనొచ్చు. గుండ్రటి ముక్కు ప్లయర్, ఫ్యాబ్రిక్ గ్లూ, బీ-7000 కూడా అదే ఆర్డర్‌లో కలిపి తెప్పించుకోండి.