గో, షో కొలతల హినోకి మాసులు: ఒక సమీక్ష

జపాన్‌లో పెళ్లి విందుల్లోనూ సాకే అనే బియ్యపు మద్యం అమ్మే దుకాణాల్లోనూ కనిపించే చదరపు చెక్క పెట్టెను పానపాత్ర అనుకునేవారే ఎక్కువ. దాని పేరు మాసు. శతాబ్దాలపాటు దాని ప్రధానమైన పని బియ్యం కొలవడం. నగోయాలో కాపురం ఉంటూ రెండు పూటలా అన్నం వండుకునే మా ఇంటికి 1 గో, 5 గో, 1 షో కొలతలున్న మూడు మాసులను కొన్నాము. మూడూ గిఫు ప్రాంతంలోని ఒగాకి పట్టణంలో తయారైనవే. జపాన్‌లో తయారయ్యే మాసుల్లో దాదాపు 80 శాతం ఆ ఒక్క ఊరి నుంచే వస్తాయి కనుక ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పానపాత్రగా వీటిని మెచ్చుకునేవారు ఎలాగూ చాలామంది ఉన్నారు. కొలపాత్రగా ఇవి ఎంతవరకు పనికివస్తాయన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్నది.

ముందుగా కొలతల వరుస తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. పది షకులు ఒక గో, పది గోలు ఒక షో, పది షోలు ఒక తో, పది తోలు ఒక కొకు. గిద్ద, సోల, తవ్వ, మానిక అంటూ రెండింతలు, నాలుగింతలుగా పెరిగే కొలతలు విని పెరిగినవారికి ఈ వరుస నోటికి పట్టడానికి ఎంతోసేపు అక్కరలేదు. 1891 నాటి తూనికలు, కొలతల చట్టం ఒక షోను 2401/1331 లీటర్లుగా, అంటే దాదాపు 1.8039 లీటర్లుగా నిర్ణయించింది. ఆ లెక్కన గో అంటే 180 మిల్లీలీటర్ల పైచిలుకు, కొకు అంటే 180 లీటర్ల పైచిలుకు. 1959 నుంచి వ్యాపార లావాదేవీల్లో మెట్రిక్ కొలతలే చెల్లుతున్నా, వంటింట్లో మాత్రం గో కదలకుండా కూర్చుంది.

ఇక పనితనం సంగతి. 1 గో పెట్టె బయటి పక్క సుమారు 8.5 సెంటీమీటర్లు, ఎత్తు 5.6 సెంటీమీటర్లు, ఒక చేత్తో సులువుగా పట్టుకోవచ్చు. ఎక్కడా మేకు గాని, లోహపు పట్టీ గాని లేదు. మూలల్లో రెండు పలకల అంచులు దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరి బిగుసుకుంటాయి. ఈ అతుకును అక్కడ అరరె-గుమి అంటారు. కొత్త పెట్టె మూల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీస్తే ఎక్కడా తగులుకోలేదు. చలికాలంలో గది హీటర్ వేయడం మొదలుపెట్టాక 1 షో పెట్టెలో ఒక మూల పళ్లు వెంట్రుకవాసి పైకి లేచాయి గాని, తేమ తిరిగి రాగానే సర్దుకున్నాయి. రంగు, వార్నిష్ పూయని చెక్క కనుక ఇది సహజమే. ఈ పెట్టెలు చేసే, సైప్రస్ జాతికి చెందిన హినోకి చెక్క వాసన మొదట్లో చాలా ఘాటుగా ఉంటుంది. బియ్యానికి ఆ వాసన అంటుతుందేమోనని సందేహించాను గాని, కొలిచి వెంటనే కడిగేసే బియ్యంలో తేడా ఏమీ తెలియలేదు. బియ్యం డబ్బాలోనే మాసును వదిలేస్తే మాత్రం వాసన తప్పకుండా పడుతుంది.

కొలతలో ఎంత నిక్కచ్చిగా ఉన్నదో చూడడానికి వంటింటి తూకం యంత్రం పక్కన పెట్టుకున్నాను. ఒక గో జపాన్ బియ్యం సుమారు 150 గ్రాములు ఉంటుందన్నది అక్కడ అందరికీ తెలిసిన లెక్క. పెట్టెను నింపి, తిన్నని కర్రతో అంచుకు సమంగా గీస్తే ఆ లెక్కకు ఒకటి రెండు గ్రాముల తేడాతో వచ్చింది. అదే పెట్టెను బల్ల మీద తట్టి తట్టి నింపితే గింజలు కిందికి సర్దుకుని మరికాస్త బియ్యం పడుతుంది. ఇది పెట్టె లోపం కాదు. ఘనపరిమాణంతో ధాన్యాన్ని కొలిచే ఏ పద్ధతిలోనైనా ఉండే ఇబ్బందే. కొలిచేవాడి చెయ్యి ఎటు మొగ్గితే ధాన్యం అటు మొగ్గుతుంది కాబట్టే, అంచు గీయడానికి తోకాకి అనే గుండ్రని కర్రను ప్రత్యేకంగా వాడేవారు. పాతకాలపు పెద్ద మాసులకు మూల నుంచి మూలకు ఒక ఇనుప పట్టీ కూడా ఉండేది. ఈనాటి పెట్టెలకు అది లేదు, కర్ర కూడా అమ్మరు. నేను వాడింది మామూలు చెక్క కొలబద్ద. ఈ ధర పెట్టి కొన్న కొలపాత్రతో ఒక చిన్న కర్ర ఇచ్చి ఉంటే బాగుండేది.

దీని ఉపయోగం బాగా తెలిసేది రైస్ కుక్కర్ దగ్గర. జపాన్ కుక్కర్ గిన్నె లోపల ఉండే 1, 2, 3 గీతలు గోల లెక్కవే. ఎన్ని గోల బియ్యం పోస్తే అన్నో గీత దాకా నీళ్లు పోయాలని అర్థం. వంటల్లో వాడే కప్పు మాత్రం అక్కడ 200 మిల్లీలీటర్లు. కుక్కర్‌తో వచ్చిన 180 మిల్లీలీటర్ల కప్పు పోయి, ఈ పెద్ద కప్పుతో బియ్యం పోసుకుని నీళ్లు గీత వరకే పోస్తే, బియ్యం దాదాపు 11 శాతం ఎక్కువై అన్నం పలుకుగా వస్తుంది. మాసు ఉంటే ఆ తికమక ఉండదు. అయితే ఆ గీతలు జపాన్ పొట్టి గింజ బియ్యానికి గీసినవి. భారతీయ సరుకుల దుకాణంలో తెచ్చుకునే పాత సోనా మసూరికి ఆ నీళ్లు చాలవు; కనుక మేము బియ్యాన్నీ నీళ్లనూ రెండింటినీ కొలుచుకుంటాము. కడగనక్కరలేని ముసెన్‌మై బియ్యానికి ఈ పెట్టె సరిపోదన్నదీ గుర్తుంచుకోవాలి. పైపొర తీసేసిన ఆ గింజలు అదే జాగాలో ఎక్కువ పడతాయి కాబట్టి వాటికి సుమారు 171 మిల్లీలీటర్ల వేరే కప్పు ఉంటుంది. మన ఇళ్లలో ఎందరికో తెలిసిన 1.8 లీటర్ల కుక్కర్ అంకె కూడా ఈ వరుసలోంచి వచ్చిందే: పది కప్పుల బియ్యం, అంటే సరిగ్గా ఒక షో.

1 షో పెట్టె వంటింటికి అవసరమా అంటే, కాదనే చెప్పాలి. బయటి పక్క సుమారు 17 సెంటీమీటర్లు ఉండి, అలమారలో చోటంతా ఆక్రమించే ఈ పెట్టెను నింపితే కిలోన్నర బియ్యం అవుతుంది. పదిమంది భోజనానికి వస్తే తప్ప దాన్ని కిందికి దించే పని పడదు. అయినా మూడింటిలో నేను ఎక్కువసేపు చేతిలో పట్టుకుని చూసింది దాన్నే. పదహారో శతాబ్దం చివర్లో అప్పటి పాలకుడు తొయొతొమి హిదెయొషి దేశమంతటా భూమి సర్వే చేయించినప్పుడు క్యోటో ప్రాంతపు మాసును ప్రమాణంగా తీసుకున్నాడు. ఆ పాత పెట్టె పొడవు, వెడల్పు చెరి 5 సున్‌లు (సున్ అంటే సుమారు 3 సెంటీమీటర్లు), లోతు 2.5 సున్‌లు. 1669లో తొకుగావ ప్రభుత్వం దేశమంతటికీ ఖాయం చేసిన కొత్త మాసులో పొడవు, వెడల్పు చెరి 4.9 సున్‌లు, లోతు 2.7 సున్‌లు. రెండు వైపులా కాస్త కాస్త తగ్గించి లోతు పెంచారు. మూడు అంకెలనూ కూడితే పాతదానికీ కొత్తదానికీ 12.5 వస్తుంది కనుక ఏమీ మారలేదనిపిస్తుంది. గుణించి చూస్తే మాత్రం 62.5 ఘనపు సున్‌లు కాస్తా 64.827 అయ్యాయి. పన్ను బియ్యంగా కట్టే రోజుల్లో ఈ 3.7 శాతం తేడా ఎవరి గాదెలోంచి ఎవరి గాదెలోకి పోయిందో వేరే చెప్పనక్కరలేదు. నా పెట్టె లోపల కొలబద్ద పెట్టి చూస్తే పక్క దాదాపు ఆ 4.9 సున్‌ల దగ్గరికే, అంటే 15 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా వచ్చింది. 1891 చట్టం కూడా ఆ 64.827 అంకెనే మెట్రిక్‌లోకి మార్చింది.

కొలపాత్ర ఇలా పెరగడం జపాన్‌తో మొదలైంది కాదు. షో అని రాసే అక్షరమే చైనాలో షెంగ్. షాంఘై మ్యూజియంలో ఉన్న, చిన్ రాజ్యపు మంత్రి షాంగ్ యాంగ్ పేరిట ప్రసిద్ధమైన కంచు కొలపాత్ర క్రీ.పూ. 344 నాటిది, పదహారూ ఐదింట ఒకటి ఘనపు త్సున్‌లు (సున్‌కు చైనా పేరు) ఒక షెంగ్ అని దాని గోడ మీద చెక్కి ఉంది, క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి ఇచ్చిన శాసనాన్ని తరువాత దాని అడుగున చెక్కారు. దానిలో పట్టేది సుమారు 202 మిల్లీలీటర్లు. ఆధునిక చైనాలో షెంగ్ అంటే ఒక లీటరు. నేటి గోకు దగ్గరగా ఉన్నది ఆనాటి షెంగ్. కొరియాలో హొప్, తొయె, మల్ అన్న వరుస ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్ కొలతలకు సరిపెట్టడంతో 180 మిల్లీలీటర్లు, 1.8 లీటర్లు, 18 లీటర్లుగా స్థిరపడింది. అక్కడి సోజు అనే మద్యం సీసా ఈనాటికీ 360 మిల్లీలీటర్లు, అంటే రెండు హొప్‌లు.

5 గో పెట్టె ఈ మూడింటిలో మధ్యస్థం, మా ఇంట్లో రోజూ చేతికి వచ్చేది. నలుగురున్న ఇంట్లో రోజు మొత్తానికి ఒక్కసారి నింపితే చాలు. తొకుగావలు ఏలిన ఎడో కాలంలో చిన్నపాటి సమురాయ్‌కి భత్యం లెక్కగట్టేటప్పుడు ఒక మనిషికి రోజుకు ఐదు గోల ముడిబియ్యం చొప్పున వేసేవారు. సంవత్సరానికి ఒక మనిషి తిండికి ఒక కొకు చాలునన్నది మరో స్థూలమైన లెక్క. సామంతుల హోదాను కూడా కొకుల్లోనే చెప్పేవారు. పదివేల కొకులు పండే ప్రాంతం చేతిలో ఉంటేనే దైమ్యో, కాగా ప్రాంతపు ప్రభువులకైతే పది లక్షల కొకులకు పైనే. ఈ అంకెలన్నీ పుస్తకంలో చదివినప్పటికంటే, ఐదు గోలు అంటే కళ్లెదుట ఎంత బియ్యమో చూశాక బాగా తలకెక్కాయి.

ద్రవాల విషయంలో నాకు తృప్తి కలగలేదు. అంచు వరకూ నింపితేనే కొలత సరిపోతుంది. అంచు వరకూ నింపిన పెట్టెను ఒలకకుండా కదిలించడం కష్టం. మూల నుంచి వంచితే ధార బాగానే పడుతుంది గాని, సోయా సాస్ పోస్తే చెక్కకు మచ్చ పడుతుంది, నూనె పోస్తే వదలదు. కొత్తలో నీళ్లు పోస్తే అడుగు అతుకు దగ్గర కాస్త చెమ్మ కనిపించి, చెక్క ఉబ్బాక ఆగింది. సాకే విషయంలో మరో జాగ్రత్త అవసరం. తాగడానికని అమ్మే మాసుల్లో 8 షకుల పెట్టె, అంటే 144 మిల్లీలీటర్లది, ఒకటి ఉంటుంది. ఫొటోలో చూస్తే 1 గో పెట్టెకూ దానికీ తేడా తెలియదు. నేను చూసిన ఒక ఆన్‌లైన్ దుకాణంలో బయటి కొలతలు పెద్ద అక్షరాల్లో వేసి, ఎంత పడుతుందన్నది పేజీ చివర ఎక్కడో పెట్టారు. బియ్యం కొలవడానికి కొనేవారు ఆ అంకె చూడకుండా డబ్బు కట్టకూడదు. లక్క పూసినవి అందంగానే ఉంటాయి గాని, రోజూ కర్రతో గీసే పనికి పూత లేనివే మేలు.

నిర్వహణ పెద్ద కష్టం కాదు. సబ్బు వాడకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, బోర్లించకుండా ఒక పక్కకు వాల్చి నీడలో ఆరబెడితే చాలు. డిష్‌వాషర్‌లోనూ మైక్రోవేవ్‌లోనూ పెట్టకూడదు. జూన్, జూలైలలో వచ్చే వానకాలంలో తడి పెట్టెను అలమారలో మూసిపెడితే నల్ల మచ్చలు పడతాయి. కొన్నిటిలో చెక్కలోంచి జిగురు బొట్టుగా పైకి వస్తుంది. స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

1 గో పెట్టె వెయ్యి యెన్ల లోపే దొరుకుతుంది. 1 షో పెట్టెకు కొన్ని వేలు పెట్టాలి. జపాన్ కుక్కర్ వాడుతూ దాని కప్పు పోగొట్టుకున్నవారు 1 గో పెట్టెను నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. నలుగురికి మించి ఉన్న ఇంటికి దానితోపాటు 5 గోది కూడా తీసుకుంటే రోజూ ఐదుసార్లు ముంచే పని తప్పుతుంది. 1 షోది మాత్రం కొలతల చరిత్ర మీద ఆసక్తి ఉండి, అలమారలో చోటు కూడా ఉన్నవారికే.